సారా పోరు నేర్పిన సహవాసము

కవిబ్రహ్మ తిక్కన సోమయాజి పదుమూడవ శతాబ్దమున నెల్లూరిలో మనుమసిద్ధి కొలువున నుండి భారతమును తెనిగించినప్పుడు, ఆ పదునైదు పర్వములలో మౌసలపర్వమును గూడ తెలుగువారి కందించెను. యాదవకులము మద్యమత్తమై తనలో తాను కొట్టుకొని నశించిన కథ అది. ఆ కథలో పాఠకులు తఱచుగా దాటిపోవు ఘట్ట మొకటి కలదు. ప్రభాసతీర్థమున ఆ మహావినాశము జరుగుటకు పూర్వమే ద్వారకలో మద్యనిషేధము చాటబడినది. ఎవడు సుర కాచినను బంధుసహితముగ కొఱత వేయబడునని శాసనము వెలువడినది. పురజనులు భయపడి దానిని పాటించిరి కూడ. అయినను, సముద్రతీరమున కొక్కసారి విడిది చేసినంతనే ఆ కట్టుబాటంతయు కరగిపోయినది. శాసనమునకు భయము పుట్టించు శక్తి కలదు. తాగెడివాని లోపలి దాహమును, వాని యింటివారి లోపలి దుఃఖమును ముట్టుకొను శక్తి దానికి లేదు. ఆ శక్తి తోటి మనుష్యుల కున్నదని ఏడువందల యేండ్లకు పిదప అదే నెల్లూరి సీమలో, పేరు ప్రతిష్ఠలు లేని పల్లె స్త్రీలు చేసి చూపిరి. ఆ చరిత్రను మనము మద్యనిషేధ చరిత్రగా మాత్రమే చదువుకొంటిమి. అది బాధితులు బాధితులకు తోడైన చరిత్రగా గూడ చదువవలసినదని నా మనవి.

ఈ సీమయందు తాగుడు నిన్న మొన్న పుట్టినది కాదు. పెన్న యిరుగడలను మాగాణి, దానికి తూర్పున ఇసుకనేల, ఆ యిసుకనేలపై తాటితోపులు, వాని నీడను పట్టపు జాలరుల పాలెములు. దక్షిణమున పులికాటు సరస్సు వఱకు ఇదే వరుస. తాడి యున్నచోట కల్లు ఉండును. పోలేరమ్మ జాతరకు, పెండ్లికి, చావునకు, తెల్లవారుజామున వల లాగి వచ్చిన అలసటకు కల్లు ఒక ఆచారమైనది. అయితే ఆచారముగ నున్నదానిని ఆదాయముగ మార్చినది ప్రభుత్వము. మద్రాసు రాజధానిలో 1886లో వచ్చిన అబ్కారీ చట్టముతో కల్లు గీయుటయు సారాయి కాచుటయు సర్కారువారి అనుమతికి లోబడినవి. దుకాణములు వేలముపాటలో పోయెడివి. పాడుకొన్నవాడు తన సొమ్ము రాబట్టుకొనుటకై జనముచేత ఎంత తాగించిన అంత లాభమను స్థితి యేర్పడినది. నాటినుండి నేటివఱకు ఏలికలు మారిరి గాని, ఈ లెక్క మారలేదు. బీదవాని గొంతు ఎండుట ఖజానా నిండుటకు మార్గమైనచోట, వాని మేలు కోరెడి గొంతు ఒక్కటియైనను గట్టిగా వినబడవలసి యుండును.

ఆ గొంతు మొదట గాంధీయుగమున వినబడెను. 1921 ఏప్రిల్ 7న మహాత్ముడు నెల్లూరికి సమీపమున పెన్న యొడ్డున, పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వేంకటకృష్ణయ్యగార్లు దానికి మూలస్తంభములు. పొణకా కనకమ్మగారు దానికి అండ. అసహకారోద్యమ కార్యక్రమములో కల్లుదుకాణముల ముందు నిలిచి తాగవలదని బ్రతిమాలుట ఒక ముఖ్యాంగము. ఆ సత్యాగ్రహుల త్యాగము వందనీయము. అయినను అది వెలుపలి నుండి వచ్చిన హితబోధ. తాగనివాడు తాగెడివానికి చెప్పిన నీతి. అడవులలోను ఏటి గట్లపైనను బ్రతుకు యానాదులకు జీవితమంతయు ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్యగారివంటివారు ఆ జనుల మధ్యనే బ్రతికి, వారి కష్టమును దగ్గఱనుండి చూచిరి గనుక, వారి సేవ హితబోధకంటె లోతుకు పోయినది.

తరువాతి కథ శాసనముల కథ. రాజాజీ ప్రభుత్వము 1937లో సేలము జిల్లాతో మద్యనిషేధమునకు శ్రీకారము చుట్టెను. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాజధాని యంతటను, అందు భాగమైన నెల్లూరిలోను నిషేధము అమలులోనికి వచ్చినది. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప, నిషేధమును ఎత్తివేయవలెనని సిఫారసు చేసిన రామమూర్తి కమిటీ నివేదికను ఆమోదింపలేదన్న కారణముపై ప్రవేశపెట్టిన అవిశ్వాసతీర్మానములో, టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము 1954 నవంబరులో ఒక్క ఓటుతో కూలిపోయెను. తెలుగునాట ఒక ప్రభుత్వమునే పడగొట్టగల సమస్యగా మద్యము ఎన్నడో రుజువైనది. 1960ల చివరకు నిషేధము సడలిపోయినది. దుకాణములు మరల తెఱచుకొన్నవి. వేలముపాటలు మరల మొదలైనవి.

1980ల దశకములో వారుణివాహిని యను పేరుతో ప్రభుత్వమే సారాయిని పాకెట్లలో నింపి పంపు పద్ధతి వచ్చినది. కల్తీసారాతో జనులు చచ్చిపోకుండుటకని చెప్పిన ఆ యేర్పాటు పల్లెజీవితమును తలక్రిందులు చేసెను. అంతకుముందు తాగవలెనన్న మనిషి ఊరి చివరి దుకాణమునకు పోవలెను. పోవుచుండగా నలుగురు చూచెదరను సంకోచము కొంత ఆపెడిది. పాకెట్టు చొక్కా జేబులో ఇమిడెడిది; మూల పంటితో కొఱికి, నిలుచున్న చోటనే పీల్చివేసి, తొక్కను చేనిగట్టున పారవేయవచ్చును. అది సైకిలుపై, జీపుపై ఇంటి వాకిటికే వచ్చెడిది, అప్పుగా వచ్చెడిది. సాయంకాలము కూలి చేతికందక మునుపే సగము దుకాణపు పద్దులోనికి పోయెడిది. 1970–71లో రాష్ట్రమునకు అబ్కారీ రాబడి 39 కోట్ల రూపాయలు. 1991–92 నాటికి 812 కోట్లు. ఈ అంకెల వెనుక తాకట్టుకు పోయిన తాళిబొట్లు, బడి మానిన పిల్లలు, రాత్రివేళ పొరుగింటి అరుగుపై తలదాచుకొన్న ఆడవారు ఎందఱో లెక్కవ్రాసినవారు లేరు.

అట్టి కాలమున నెల్లూరు జిల్లాకు అక్షరదీపము వచ్చినది. జాతీయ సాక్షరతా ఉద్యమములో భాగముగ 1990 ప్రాంతమున మొదలైన ఈ కార్యక్రమమునకు జిల్లా యంత్రాంగము, జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు, వేలకొలది యువతీయువకులు చేయూతనిచ్చిరి. పగలంతయు నాట్లువేసి, కలుపుతీసి, పొయ్యి రాజేసి, పిల్లలకు అన్నముపెట్టి, అటుపిమ్మట ఒడిలో నిద్రించు బిడ్డతో ఆడవారు రాత్రిబడికి వచ్చిరి. లాంతరు చుట్టు కూర్చున్న ఆ ఇరువది ముప్పదిమంది మధ్యకు వాచకములోని పాఠముగా ‘సీతమ్మ కథ’ వచ్చినది; తాగుబోతు భర్తతో వేగిన ఒక స్త్రీ కథ. ఆ పాఠము చదువునప్పుడు అక్షరములు కూడబలుకుకొను గొంతులు మధ్యలో ఆగిపోయెడివి. పాఠము పక్కకు పోయి, మాటలు సాగెడివి. ‘నీ యింటిలోనూ ఇంతేనా అక్కా?’ అను ప్రశ్న ఒకరి నోట వెలువడిన పిదప, తక్కిన నోళ్లన్నియు ఒక్కొక్కటిగా విచ్చుకొన్నవి.

నా దృష్టిలో ఆ ప్రశ్నయే ఈ ఉద్యమమునకు ప్రాణము. తాగుబోతు భార్యకు దెబ్బలకన్న, ఆకలికన్న ఎక్కువ బాధ కలిగించునది సిగ్గు. ఇది తన యింటి గుట్టు, తన తలవ్రాత, బహుశః తన తప్పు అని ఆమె నమ్మును. నిద్రలేమి, గుండెదడ, దేనియందును మనసు నిలువకుండుట, బ్రతుకుమీద విరక్తి, ఇవి ఆమెను పట్టి పీడించును. పల్లెలో వానికి గాలి సోకినదనియో, దిష్టి తగిలినదనియో పేరు. మందు తెలియని ఆ బాధకు రాత్రిబడిలో మొదటి ఊరట దొరకినది. ఇరువదియిండ్లలో ఇదే కథ యన్నప్పుడు అది తలవ్రాత కాజాలదు. దానికి కారణ ముండవలెను. కారణమునకు చిరునామా ఉండవలెను. ఆ చిరునామా ఊరి చివరనున్న సారా దుకాణము.

కలిగిరి మండలములోని దూబగుంట గ్రామమున ఈ ఆలోచన కార్యరూపము దాల్చినది. వర్ధినేని రోశమ్మ యను సామాన్య గ్రామీణ స్త్రీ ముందు నడువగా, ఆ యూరి ఆడవారు చీపుళ్లు పట్టి సారా బండిని ఊరి పొలిమేరలోనే అడ్డగించిరి; దుకాణమును మూయించిరి. ఆ గెలుపు ‘ఆడవాళ్లు ఏకమైతే’ అను పాఠమై, అక్షరదీపపు తరువాతి వాచకములో చేరి, జిల్లా యందలి రాత్రిబళ్లన్నిటికి చేరెను. ఒక యూరి అనుభవము మరియొక యూరికి పాఠమైనది. పాఠము చదివిన యూరు మరల తన అనుభవమును సృష్టించుకొన్నది. 1992 వర్షాకాలము నాటికి మాగాణి పల్లెలనుండి మెట్ట పల్లెల వఱకు, సముద్రపుటంచు వఱకు ఇదే వార్త. పాకెట్లను గుట్టలుగా పోసి కాల్చివేయుట, జీపులను తిప్పి పంపుట, తాగి వచ్చినవానికి అన్నము పెట్టకుండుట, ఇవి వారి ఆయుధములు.

ప్రపంచ చరిత్రలో దీనికి సోదరులు కలరు. 1840లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున ఆరుగురు తాగుబోతులు తమలో తాము ప్రతిజ్ఞ చేసికొని, తమ కథలు తామే బహిరంగముగ చెప్పుకొనుచు తోటివారిని మాన్పించు సంఘమును నెలకొల్పిరి. 1935లో ఆక్రన్ పట్టణమున బిల్ విల్సన్ అను వ్యాపారియు, బాబ్ స్మిత్ అను వైద్యుడును, ఇద్దఱును తాగుడుకు బానిసలైనవారే, ఒకరికొకరు తోడై ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘమునకు పునాది వేసిరి. మానివేసినవాడు మానలేనివాని పక్కన కూర్చుండుటయే దాని చికిత్స. తాగెడివారి యింటివారికి వేఱుగ బాధ కలదని గుర్తించి, విల్సన్ భార్య లోయిస్ మొదలగువారు 1951లో అల్-అనాన్ అను కుటుంబ సంఘమును స్థాపించిరి. నెల్లూరి ఆడవారికి ఈ పేర్లు తెలియవు. తెలియవలసిన పనియు లేదు. కాని వారు సాధించినదాని లోతు కొలుచుటకు ఈ పోలిక మనకు అవసరము. అక్కడి సంఘములు మనసు బాగుచేసికొనుటతో ఆగినవి. ఇక్కడివారు మనసు కుదుటపడిన మఱునాడే దుకాణము ముందునకు నడచిరి. ఊరట, ఉద్యమము రెండును ఒకే సమావేశములో పుట్టుట నెల్లూరు ప్రపంచమునకు చేర్చిన విశేషము.

1992 సెప్టెంబరులో తరువాతి సంవత్సరపు సారా దుకాణముల వేలములు జరుగవలసి యుండెను. వందలుగా వేలుగా స్త్రీలు పల్లెలనుండి నెల్లూరికి తరలివచ్చి పాటకు అడ్డుతగిలిరి. వేలము ఒకసారి వాయిదా పడినది; మరల పడినది. నాటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు ఈ జిల్లావారే. పత్రికలు ఈ పోరాటమునకు పేజీలు కేటాయించినవి. సత్తెనపల్లి గాంధేయవాది వావిలాల గోపాలకృష్ణయ్యగారివంటి వృద్ధులు దానికి గొంతు కలిపిరి. మహిళాసంఘములు రాష్ట్రమంతట కదలినవి. కోట్ల విజయభాస్కరరెడ్డిగారి ప్రభుత్వము 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారాను నిషేధించెను. 1994 డిసెంబరులో ఎన్నికలలో గెలిచిన నందమూరి తారక రామారావుగారు 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధమును అమలుచేసిరి. 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము దానిని ఎత్తివేసినది. సారాపై నిషేధము మాత్రము నిలిచినది. సీసామద్యము రాజమార్గమున తిరిగివచ్చి, దాని వెంట బెల్టుషాపులు సందుసందునకు ప్రాకినవి. రాబడి లెక్క మరల గెలిచినది.

ఇచట ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. ఉద్యమపు వేడిలో కొన్ని ఊళ్లలో తాగి వచ్చినవారికి తలలు గొఱిగించి, గాడిదలపై ఊరేగించిరి. ఏండ్ల తరబడి దెబ్బలు తిన్నవారి కోపమును నేను అర్థము చేసికొనగలను. అయినను అవమానము ఎవ్వరిచేతను తాగుడు మాన్పింపలేదు. సిగ్గుపడినవాడు చాటుగా తాగును. తాగుడుకు బానిసయైనవాడు రోగి యని వైద్యశాస్త్రము ఎన్నడో అంగీకరించినది. అమెరికా వైద్యసంఘము 1956లోనే దానిని వ్యాధిగా గుర్తించెను. దీర్ఘకాలము తాగినవాడు ఒక్కసారిగా మానివేసినచో మొదట చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర దూరమగును; ఒకటిరెండు దినములలో మూర్ఛలు రావచ్చును; ఆపై లేనివి కనబడుట, లేని మాటలు వినబడుట మొదలై మతి తప్పవచ్చును. చికిత్స అందనిచో ప్రాణమే పోవచ్చును. దుకాణము మూతబడిన మఱునాడు పల్లెలలో ఎందఱు ఇట్టి యాతన పడియుందురో మనము ఊహింపవచ్చును. వారి మంచముల ప్రక్కకు ఏ డాక్టరును పంపవలెనని శాసనకర్తలకు తోచలేదు. నిషేధము వచ్చినది, చికిత్స రాలేదు. దుకాణము మూయుటకు ఉత్తరువు వెలువడినది. మనిషిని తిరిగి నిలబెట్టుటకు వెలువడలేదు.

మనోవ్యాధులకు ఈ జిల్లావారు వెదకికొనిన త్రోవలును ఈ సందర్భమున స్మరణీయములు. అనుమసముద్రంపేటలోని ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు మతభేదము లేక మనసు చెదరినవారిని, తాగుడుకు లొంగినవారిని తీసికొనివచ్చి, కుటుంబములు దినముల తరబడి అచట మకాము పెట్టును. వైద్యుని చూపవలసిన రోగిని అచ్చోట నిలిపివేయుట అపాయమే. కాని ఆ ఆవరణలో ఒక తల్లి మరియొక తల్లి బిడ్డకు నీళ్లు తాపుచు, ‘మావానికీ మొదట ఇట్లే ఉండెనమ్మా’ అనుటలో ఒక సత్యము కలదు. తన బాధవంటి బాధను చూచిన మనిషి దొరకనిదే మనిషి కుదుటపడడు. ఆసుపత్రి దీనిని నేర్చుకొనవలెను. దర్గా వైద్యునికి దారి విడువవలెను.

ప్రభుత్వము ఈ దిక్కున ఆలస్యముగనైనను అడుగులు వేసినది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశమున నాలుగు జిల్లాలలో మొదలైనప్పుడు అందొకటి నాటి ఉమ్మడి రాష్ట్రములోని మెదకు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ తీరపు పాలెములను సైతము కొట్టినప్పుడు, ఇల్లు, పడవ, వల పోగొట్టుకొన్నవానికి ధైర్యము పోయిన సంగతి కూడ చూడవలెనను ఎఱుక మన దేశమున బలపడినది. బెంగుళూరు నిమ్హాన్సు వంటి సంస్థలు సామాన్య కార్యకర్తలకు ఆ విషయమై తర్ఫీదు నిచ్చినవి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మద్యము వలనను మత్తుపదార్థముల వలనను కలుగు మనోవైకల్యములను మనోవ్యాధులలో చేర్చి, చికిత్సను హక్కుగా ప్రకటించెను. ఈ హక్కు కాగితమునుండి పల్లెకు దిగుటకు మెట్లు కావలెను. ఆ మెట్లు నెల్లూరిలో ఒకప్పుడు కట్టబడియే యుండినవి.

అవి యేవి యందురా? సారాపోరు ముగిసిన వెంటనే అదే రాత్రిబడి స్త్రీలు, దినమునకు రూపాయి చొప్పున దాచుకొను పొదుపులక్ష్మి సంఘములుగా నిలిచిరి. దుకాణమునకు పోవు రూపాయిని ఆపినవారే దానిని పెట్టెలో వేయుట నేర్చిరి. చదువు సంఘము పోరు సంఘమై, పోరు సంఘము పొదుపు సంఘమైనది. పేర్లు మారినను కూర్చున్నవారు వారే. ఆపై డ్వాక్రా సంఘములు రాష్ట్రమంతట వ్యాపించినవి. అప్పు వాయిదా మాట్లాడుకొనుటకు వారు కూర్చొను ఆ గంటలో, ఒక పావుగంట తమ మనసును గూర్చియు, ఇంటిలో తాగువానిని గూర్చియు మాట్లాడుకొనవచ్చును. ఒకప్పుడు ఆ సంఘము పుట్టినదే అందులకు గదా.

ఇక తీరపు పాలెములలో మగవారి సంగతి. పట్టపుకాపుల కులపంచాయతీకి దురాయి యను కట్టుబాటు కలదు. పెద్దలు నిర్ణయించినదానిని ఊరంతయు పాటించును. ఏ దినమున వేటకు పోరాదో, తగవులు ఎట్లు తీర్చుకొనవలెనో అది నిర్ణయించును. ఆ కట్టుబాటు బలము జరిమానాకును వెలివేతకును మాత్రమే వినియోగపడరాదు. తాగుడు మానిన పడవవాడు ఒకడు, మానవలెనని తపించు పడవవానిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోవుట, మూర్ఛ దినములు గడచువఱకు మంచముకడ కూర్చుండుట, తిరిగి తాగినచో తిట్టక మరల మొదలుపెట్టించుట, ఇవియు పాలెపు మర్యాదలో భాగము కావలెను. తిరిగి తాగుట ఈ వ్యాధి స్వభావములోనిదే; అది ఓటమికి గుర్తు కాదు.

రోశమ్మగారు 2016లో వృద్ధాప్యమున కన్నుమూసిరి. ఆమె పేరున సభలు జరిపి, మద్యము తేవలెనా తీయవలెనా యని వాదించుకొనుట మనకు అలవాటైనది. ఆ వాదము అవసరమే. జనుల తాగుడుపై ఖజానా ఆధారపడినంతకాలము దానిని విడువరాదు. కాని నెల్లూరి ఆడవారు మన కిచ్చిపోయిన అసలు ఆస్తి ఆ లాంతరు చుట్టు కుదిరిన సహవాసము. ఒక ప్రభుత్వము మూసిన దుకాణమును మరియొకటి తెఱవగలదు. నీ యింటిలోనూ ఇంతేనా యని అడిగి, అవునన్న సమాధానము విన్నవారిని తిరిగి ఒంటరులను చేయుట ఏ ప్రభుత్వమునకును తరము కాదు. ఊరూర ఉన్న పొదుపు సంఘమునకు ఒక నర్సు, మండలమునకు మనోవ్యాధులు తెలిసిన ఒక వైద్యుడు, తాగుడు మానినవారిలోనుండి ఎన్నుకొని తర్ఫీదు చేసిన ఇద్దఱు తోడు మనుషులు, ఈ మాత్రపు ఏర్పాటును మద్యపు రాబడిలో అల్పభాగముతో చేయవచ్చును. ఆ రాబడి ఎవరి కన్నీటినుండి వచ్చినదో వారికే అందులో మొదటి హక్కు కలదని, అందుకు కావలసిన ఉద్యమము నెల్లూరి తీరమునుండియే మరల మొదలు కావలెనని నేను మనసారా కోరుచున్నాను.